ఎత్తలేకపోయిన బతుకమ్మ

2021 జూలైలో మా అమ్మ కోవిడ్ టీకా రెండో డోసు వేయించుకుంది. భుజం నొప్పి రెండు రోజుల్లో తగ్గిపోయింది. మూడు వారాల తరువాత, హనుమకొండలోని మా ఇంట్లో కింద కూర్చొని చిక్కుడుకాయలు తుంచుతున్న ఆమె, పని ముగించి లేవబోయి, ఒక చేత్తో గడప, మరొక చేత్తో మంచం కోడు పట్టుకొని "లేవొస్తలేదు బిడ్డా" అన్నప్పుడు, మేము దానిని మోకాళ్ల నొప్పి అనుకున్నాము. నొప్పి లేదని ఆమె చెబుతూనే ఉంది, మేమే వినిపించుకోలేదు.

మొదట చూసిన వైద్యుడు రక్తపరీక్షలో ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే ఎంజైములు పెరిగాయని కాలేయపు జబ్బుగా తేల్చారు. బంధువులు కామెర్లని పసరు మందు పోయించారు. ఆ ఎంజైములు కండరాల్లోనూ ఉంటాయని, కండరం దెబ్బతిన్నా రక్తంలో పెరుగుతాయని తెలియక నెలన్నర పోగొట్టుకున్నాము. ఈ మొత్తం వ్యవహారంలో నాకు ఇప్పటికీ కోపం తెప్పించేది ఆ నెలన్నరే. అమ్మకు తల దువ్వడం అప్పటికే మా చెల్లెలి పనైంది. సద్దుల బతుకమ్మ నాడు, తంగేడు, గునుగు పూలతో తానే పేర్చిన బతుకమ్మను అమ్మ తాంబాళంతో సహా నడుము దాకా ఎత్తి, ఆపైన చేతులు లేవక, తిరిగి నేల మీద పెట్టేసింది.

కాజీపేటలో రైలెక్కించి హైదరాబాదు తీసుకువెళ్లాము. అక్కడి రుమటాలజిస్టు (కీళ్లు, కండరాల జబ్బుల వైద్యుడు) చేతులు కట్టుకొని కుర్చీలోంచి లేవమన్నారు, లేవలేకపోయింది. కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే సీకే అనే ఎంజైము సుమారు 200 లోపు ఉండవలసింది, ఆమెకు 6,000 దాటింది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు, థైరాయిడ్ లోపం కూడా దానిని పెంచుతాయి కనుక ముందు అవి కారణం కావని నిర్ధారించుకొని, కండరాల విద్యుత్ చలనాన్ని చూసే ఈఎంజీ పరీక్ష చేసి, తొడ నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపారు. మయోసైటిస్ అని తేలింది. అంటే రోగనిరోధక వ్యవస్థ సొంత కండరాల మీదనే దాడి చేయడం.

టీకా వల్లనేనా అని అడిగాను. టీకా తరువాత ఇలా వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో అక్కడక్కడా ఉన్నాయని, అయితే కోట్లమంది టీకా వేయించుకున్నప్పుడు ఎలాగూ ఈ జబ్బు రావలసినవారు కూడా వారిలో ఉంటారని, కోవిడ్ వైరస్ సైతం కండరాలను వాచేలా చేయగలదని ఆయన ఓపికగా వివరించి, టీకా అనంతర సమస్యలను నమోదు చేసే ఫారం నింపారు. ఫ్రాన్సులో 1998లో వెలుగులోకి వచ్చిన, టీకాల్లోని అల్యూమినియం భుజం కండరంలో మిగిలిపోయే పరిణామం గురించి చదివివచ్చిన మా తమ్ముడు అదేమోనని అడిగితే, అది సూది గుచ్చిన చోటికే పరిమితమని, ఇక్కడ రెండు తొడలూ, రెండు భుజాలూ బలహీనపడ్డాయని చెప్పారు. కారణం తేలలేదన్న ఆ జవాబు మాకు రుచించలేదు కానీ, నిజాయితీగలదని ఇప్పుడనిపిస్తుంది.

ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌తో నెల తిరగకముందే సీకే దిగింది, షుగర్ ఎక్కింది. రోగనిరోధక వ్యవస్థను అణచే మెథోట్రెక్సేట్ చేర్చి, స్టెరాయిడ్‌ను మెల్లమెల్లగా తగ్గించారు. ఇప్పుడు గోడకు ఒక చేయి ఆనించి లేస్తుంది. కిందటేడు ఫ్లూ టీకా వేయించుకోమని వైద్యులు చెప్పినప్పుడు, అమ్మ కాసేపు ఆలోచించి చేయి చాచి, ఇంటికి రాగానే టీకా పేరూ తేదీ నాతో పాల లెక్కల పుస్తకంలో రాయించింది.