సెవియర్‌విల్ ట్రాఫిక్‌లో తగిలిన గవర్నర్

అక్టోబర్ వస్తే అట్లాంటా తెలుగువాళ్ళకు స్మోకీ మౌంటెన్స్ తప్పదు. కేబిన్, రంగు మారిన ఆకులు, డబ్బాలో పులిహోర. అమ్మానాన్నలను తీసుకుని మేమూ వెళ్ళాం. కొండల గురించి రాయను, అందరి ఫొటోలూ ఒకటే. గాట్లిన్‌బర్గ్‌లో కారు ఆపడానికి 20 డాలర్లంటే అమ్మ మనసులో రూపాయల్లోకి మార్చుకుని, దిగనని కూర్చుంది.

అంతకుముందే సెవియర్‌విల్‌లో ఇరుక్కుపోయాం. ఎగ్జిట్ 407 దగ్గర మొదలైన ట్రాఫిక్ కదిలితేగా! నాన్న బోర్డులు చదువుతూ, "ఎవర్రా ఈ సెవియర్? కౌంటీకీ ఆయన పేరే, ఊరికీ ఆయన పేరే" అన్నారు. కోర్టు ముందు విగ్రహం ఆయనదే అనుకున్నారు. తీరా చూస్తే గిటార్ పట్టుకున్న గాయని డాలీ పార్టన్. రెవెన్యూలో రిటైరైన మనిషికి ఇది మింగుడుపడలేదు.

అందుకే తిరిగొస్తూ నాక్స్‌విల్‌లో ఆగాం. పాత కోర్టు ఆవరణలో జాన్ సెవియర్ సమాధి. ఆయన 1815లో అలబామా వైపు క్రీక్ తెగ సరిహద్దు సర్వే పనిలో ఉండగా పోతే అక్కడే పూడ్చారు. 1889లో ఇక్కడికి తెచ్చారు. రాతి స్తంభం మీద 35 యుద్ధాలు, 35 విజయాలు అని చెక్కి ఉంది. వాటిలో చాలావాటిలో అవతలివైపున్నది చెరోకీలు, అక్కడి ఆదివాసులు. వాళ్ళ ఊళ్ళు తగలబెట్టిన సంగతి మాత్రం ఆ రాతి మీద నాకు కనబడలేదు.

పిల్లలు గడ్డిలో పరుగులు పెడుతుంటే నేను ఫోన్‌లో చూసి నాన్నకు కథ చెప్పాను. 1784లో నార్త్ కరోలినా రాష్ట్రం, కొండలకు పడమటనున్న భూములను, అంటే ఇప్పటి టెనెసీని, కేంద్రానికి ఇచ్చేసింది. ఏడాది తిరక్కుండానే వెనక్కి తీసుకుంది. "మనకు 2009 డిసెంబర్ 9న తెలంగాణ ఇచ్చి 23న నీళ్ళు నమిలినట్టు" అన్నారు నాన్న. ఆ కొండజనం మాత్రం ఆగలేదు. ఫ్రాంక్లిన్ అని సొంత రాష్ట్రం పెట్టుకుని సెవియర్‌ను గవర్నర్ చేసుకున్నారు. గుర్తింపుకు అమెరికా చట్టసభ కాంగ్రెస్‌లో 9 రాష్ట్రాలు ఒప్పుకోవాలి, 7 ఒప్పుకున్నాయి. డబ్బు చేతిలో ఆడదు కాబట్టి పన్ను కింద తోళ్ళు, నారబట్ట, విస్కీ కూడా తీసుకునేవారట. "మరి రసీదు ఏమని రాసేవాళ్ళో" అంది అమ్మ.

ఒకే నేల మీద రెండు ప్రభుత్వాలు, రెండు కోర్టులు. 1788లో నార్త్ కరోలినా పన్ను బాకీ కింద సెవియర్ బానిసలను జప్తు చేసి, ప్రత్యర్థి జాన్ టిప్టన్ పొలంలో ఉంచారు. సెవియర్ మనుషులను వేసుకుని వెళ్ళాడు. కాల్పులు జరిగాయి, ఓడి వెనుదిరిగాడు. అదే ఏడాది రాజద్రోహం కింద పట్టుకుని మోర్గాంటన్ తీసుకెళ్తే, అక్కణ్ణుంచి తప్పించుకున్నాడు. తమాషా ఏంటంటే, మరుసటి ఏడే అదే నార్త్ కరోలినా సెనేట్‌కు ఎన్నికయ్యాడు. 1796లో టెనెసీ రాష్ట్రం ఏర్పడగానే తొలి గవర్నర్ ఆయనే. మొత్తం ఆరుసార్లు. మన దగ్గరైనా కేసులున్నాయని ఎవరు ఓడిపోయారు గనక!

పిల్లలకు ఆకలేస్తోందని బయల్దేరదీశారు. ఆయన పొలం మార్బుల్ స్ప్రింగ్స్ అక్కడికి దగ్గరే, చూడకుండానే వచ్చేశాం. అది నాకు ఇంకా గుచ్చుకుంటోంది.

చాటనూగా వైపు వస్తుంటే నాన్న ఇంకో సంగతి పట్టుకున్నారు. సెవియర్ భూముల పత్రాల్లో మోసం చేశాడని, తర్వాత అమెరికా అధ్యక్షుడైన ఆండ్రూ జాక్సన్ ఆరోపించాడు. పెద్ద గొడవే అయింది. అయినా 1803లో జనం సెవియర్‌నే గెలిపించారు. ఆ తర్వాత గొడవ ద్వంద్వయుద్ధం దాకా వెళ్ళింది.

"పత్రాలు మారాయంటే ఆఫీసులో మనిషి ఉండాలి. చూడు, ఎవడో ఉంటాడు" అన్నారు నాన్న.

మా ఆవిడ ఫోన్‌లో వెతికింది. జేమ్స్ గ్లాస్గో, నార్త్ కరోలినా రాష్ట్ర కార్యదర్శి. భూముల మోసం కేసులో 1800లో నేరం రుజువైంది.

"చెప్పానా!" అని నాన్న సీటు వెనక్కి వాల్చుకున్నారు.