త్రికోణంలోని అంకె

నేల తుడిచే ద్రవం సీసా మీద ఆకుపచ్చని ఆకు బొమ్మనూ, దాని కింద ‘పర్యావరణ హితం’ అన్న మాటనూ నమ్మి, నేను చాలాకాలం నిశ్చింతగా దాన్నే వాడాను. మొన్న ఖాళీ సీసాను తిరగేసి చూస్తే, అడుగున మూడు బాణాల త్రికోణం, అందులో 7 అంకె కనిపించాయి. 1988లో మొదలైన ఆ సంకేతం ప్లాస్టిక్ ఏ రకానిదో చెబుతుందే తప్ప, ఆ సీసా రీసైక్లింగ్‌కు పనికివస్తుందని హామీ ఇవ్వదు. 7 అంటే మొదటి ఆరు రకాల్లో ఇమడని ‘ఇతరాలు’ అని మాత్రమే అర్థం. ఆ ‘హితం’ లోపలి ద్రవానిదా, సీసాదా, దాన్ని ఎవరు పరీక్షించారు అని అడుగుతూ తయారీదారుకు ఉత్తరం రాశాను. జవాబుగా తగ్గింపు కూపన్ వచ్చింది! నవ్వాలో ఏడవాలో తోచలేదు.

వినియోగదారుల రక్షణ కోసం ఐక్యరాజ్యసమితి 1985లో ఆమోదించిన మార్గదర్శకాల్లో 1999లో సుస్థిర వినియోగాన్ని కూడా చేర్చారు. కాబట్టి తూకం, నాణ్యత గురించి నిలదీసినట్టే, పారేశాక ఆ వస్తువు గతేమిటని నిలదీయడం కూడా కొన్నవారి పనేనని నా అభిప్రాయం. కూపన్‌ను తిప్పి పంపి, అవే ప్రశ్నలు మళ్లీ రాశాను. ఈసారి ఒక ప్రతిని వినియోగదారుల సంఘానికీ పంపాను.