కేబుల్ తీసేయించాక
కేబుల్ కనెక్షన్ తీసేయించాక చాలా హాయిగా ఉంది. వందల ఛానళ్లకు డబ్బు కట్టేవాళ్లం, చూసేది ఏ నాలుగైదో. ఇప్పుడు ఒకసారికి ఒకే ఓటీటీ. చూడాలనుకున్నవి అయిపోగానే ఆపేసి ఇంకోటి తీసుకుంటున్నాం. అన్నీ ఒకేసారి పెట్టుకుంటే ఖర్చు కేబుల్ బిల్లునే దాటిపోవచ్చు. ఆటో రెన్యువల్ మొదటిరోజే ఆఫ్ చేసేయడం మంచిది.

నెట్ స్పీడ్ గురించి టెన్షన్ అక్కర్లేదు, హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్ ఉంటే సరిపోతుంది. టీవీ పాతదైనా హెచ్‌డీఎంఐ పోర్టు ఉంటే నెట్ వీడియోలను టీవీలో చూపించే చిన్న స్ట్రీమింగ్ స్టిక్ పెట్టుకోవచ్చు.

లైవ్ మ్యాచ్‌ల దగ్గరే నాకు బాధ. స్ట్రీమింగ్‌లో ఆట కొన్ని సెకన్లు, ఒక్కోసారి అరనిమిషం కూడా వెనకబడుతుంది. మనం చూసేలోపే ఫోన్‌లో స్కోరు వచ్చేస్తుంది. ఆటంటే ప్రాణం పెట్టేవాళ్లు ఇదొక్కటీ ఆలోచించుకుని తీసేయించండి.