పుస్తకాల డేటాబేస్: ఐడీ నంబర్లు ఓ దారికి వచ్చాయి

ఇంట్లో పుస్తకాలన్నిటికీ డేటాబేస్ కట్టుకుంటున్నాను. ప్రతి పుస్తకం వెనక అట్ట మీద దాని ఐడీ నంబరుతో స్టిక్కర్ ఉంటుంది. అందుకే ఒకసారి ఇచ్చిన నంబరు ఇంకో పుస్తకానికి రాకూడదు. ఈ వారమంతా దీనికే సరిపోయింది.

మొదట ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ సాఫ్ట్‌వేర్ వాడాను. ఐడీని ఇంటిజర్ ప్రైమరీ కీ (ప్రతి వరుసకీ వేరుగా ఉండే పూర్ణసంఖ్య గుర్తు) అని పెడితే చాలు, నంబరు అదే వేసుకుంటుంది. కానీ చివరగా ఎక్కించిన 412వ నంబరు పుస్తకాన్ని ఒకరికి ఇచ్చేసి, టేబుల్‌లో దాని వరుస తీసేస్తే, తర్వాతి పుస్తకానికి మళ్లీ 412 వచ్చింది. ఆటోఇంక్రిమెంట్ అని కూడా రాసి ఉంటే ఇలా అయ్యేది కాదు. అప్పుడది ఇంతవరకూ ఇచ్చిన పెద్ద నంబరును వేరే టేబుల్‌లో గుర్తుంచుకుంటుంది.

తర్వాత పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌కి మారాను. పాత ఐడీలతోనే 640 పుస్తకాలను కాపీ కమాండ్‌తో ఎక్కించాను. కొత్తవాటికి, ఉన్నవాటిలో పెద్ద ఐడీకి ఒకటి కలిపే కోడ్ సొంతంగా రాశాను. రెండు విండోల్లో రెండు ట్రాన్సాక్షన్లు (కమిట్ చేస్తేనే ఖాయమయ్యే మార్పులు) తెరిచి చూస్తే, రెండూ 641 అనే లెక్కేశాయి. మొదటిది కమిట్ అయ్యేదాకా రెండోది ఆగింది, ఆ వెంటనే డూప్లికేట్ కీ ఎర్రర్ ఇచ్చింది. ఒక్కరే వాడే డేటాబేస్ అయినా ఈ పద్ధతి వద్దనే చెబుతాను. ఆ కోడ్, ఆ టెస్ట్ వరుస రెండూ తీసేశాను.

ఇప్పుడు ఐడీ కాలమ్ బిగ్‌ఇంట్ (పెద్ద పూర్ణసంఖ్య), జనరేటెడ్ ఆల్వేస్ యాజ్ ఐడెంటిటీ, అంటే నంబరు పోస్ట్‌గ్రెసే ఇస్తుంది. ఈ సదుపాయం 10వ వెర్షన్ నుంచి ఉంది. పెట్టగానే కొత్త పుస్తకం ఎక్కించబోతే, ఐడీ 1 ఇప్పటికే ఉందని ఎర్రర్. మళ్లీ నొక్కాను, ఈసారి 2 ఉందంది. ఇంకోసారి నొక్కితే 3. కాస్త టెన్షన్ పడ్డాను కానీ, విషయం తెలిసింది అక్కడే. నంబర్లు ఇచ్చే సీక్వెన్స్‌కి టేబుల్‌లో ఏముందో తెలియదు, అది 1 నుంచి మొదలుపెట్టింది. పైగా ఇన్సర్ట్ (కొత్త వరుస ఎక్కించడం) ఫెయిలైనా తీసుకున్న నంబరు వెనక్కి వెళ్లదు. సీక్వెన్స్‌ని కావలసిన నంబరుకి జరిపే సెట్‌వాల్ ఫంక్షన్‌కి ఆ సీక్వెన్స్ పేరు, టేబుల్‌లోని పెద్ద ఐడీ 640 ఇచ్చాను. తర్వాతి పుస్తకం చక్కగా 641 అయింది.

ఇంకోటి ఎక్కిస్తూ 642 దగ్గర రోల్‌బ్యాక్ చేసి (కమిట్ కాకుండా రద్దు చేసి) చూశాను. మళ్లీ ఎక్కిస్తే 643 వచ్చింది. తీసుకున్న నంబరు వెనక్కి ఇవ్వాలంటే ప్రతి ఇన్సర్టూ ముందుదాని కమిట్ కోసం వరుసలో నిలబడాలి, అందుకే ఖాళీలు ఉంటాయి. నాకు కావలసింది లెక్క కాదు, గుర్తు. ఎన్ని పుస్తకాలున్నాయో కావాలంటే కౌంట్ ఉంది. 643 స్టిక్కర్ అంటించేశాను, 642ని అలాగే వదిలేస్తున్నాను.