అరగంట నీళ్లు

మొన్న శుక్రవారం రూమ్‌లో ఉండే ముగ్గురం కారు మాట్లాడుకుని నిజ్వా వెళ్లొచ్చాం. మస్కట్ నుంచి నూట అరవై కిలోమీటర్లు ఉంటుంది. పొద్దున మేకల సంత, తర్వాత కోట, వచ్చేటప్పుడు ఇళ్లకు పంపడానికి ఖర్జూరాలు, హల్వా, ఇదీ ప్లాన్. నేను మాత్రం కోటలో ఉన్నదానికంటే ఎక్కువసేపు ఒక కాలువ గట్టు మీద నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాను. "ఏంటన్నా, కాలువ ఎప్పుడూ చూడనట్టు" అని మావాళ్లిద్దరూ ఒకటే నవ్వడం. వాళ్లది కోనసీమ. నాది అనంతపురం జిల్లా.

ఆ కాలువ పేరు ఫలజ్ దారిస్. ఒమన్‌లో పాతకాలపు నీటి కాలువల్ని ఫలజ్ అంటారు. యునెస్కో 2006లో వారసత్వ సంపదగా గుర్తించిన అయిదు ఫలజ్‌లలో ఇదొకటి. చూడ్డానికి మామూలు పిల్లకాలువే. కానీ దీనికి పైన డ్యామ్ లేదు, ఎక్కడా మోటారు లేదు. కొండ పాదం దగ్గర నీళ్లు తగిలేదాకా ఒక బావి తవ్వుతారు, దాన్ని తల్లి బావి అంటారు. అక్కడి నుంచి ఊరి వైపు భూమి లోపలే సొరంగం తవ్వుకుంటూ వస్తారు. భూమి వాలు కంటే సొరంగం వాలు తక్కువ ఉంటుంది కాబట్టి కొన్ని కిలోమీటర్లు పోయాక అది దానంతటదే బయటికి తేలుతుంది, నీళ్లు వాటంతటవే నడుచుకుంటూ తోటలోకి వస్తాయి. మట్టి తీయడానికి, గాలి ఆడడానికి దారి పొడవునా నిలువు గుంతలు. కాలువ లోతుకు మించి నీళ్లు తీయడం దీనితో కుదరదు. భూగర్భ జలం కిందికి దిగితే ఫలజ్‌లో నీళ్లు తగ్గుతాయి, అది ఊరందరికీ కళ్లెదురుగా కనపడుతుంది. నాకు నచ్చిందల్లా ఇదే.

ఇంకో రకం ఉంది. వాదీ ఇసుకలో పారే నీళ్లను మళ్లించి తెచ్చుకునేది. వాదీ అంటే మన వంక, ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిపోయి ఉండే ఏరు. ఇది వినగానే మా వైపు ఊట కాలువలు గుర్తొచ్చాయి. పెన్నా, చిత్రావతి ఇసుకలో కాలువ తీసి, అడుగున ఊరే నీళ్లను మడికి పారించుకునేవాళ్లని మా తాత చెప్పేవాడు. నేను పుట్టేసరికి ఆ నీళ్లూ లేవు, చాలా చోట్ల ఆ ఇసుకా లేదు.

నీళ్లు బయటికి వచ్చిన తర్వాత ఎవరు ముందు, ఎవరు వెనక అనేదానికి కూడా ఒక వరస ఉంది. సొరంగం బయటపడే చోట అందరికీ తాగడానికి, అక్కడ ఎవరూ కాళ్లు కడగకూడదు. ఆ తర్వాత మసీదు, స్నానాలు, ఆ తర్వాత ఖర్జూరపు తోటలు. గోధుమ, ఉల్లి, పశుగ్రాసం లాంటి ఏడాది పంటలు అన్నిటికంటే చివర, కాలువ తోక దగ్గర. నీళ్లు తక్కువైన ఏడాది ఆ చివరి పొలాలు బీడు పెట్టేస్తారు. చెట్లు బతుకుతాయి, గోధుమ పోతుంది. పంట పోతే మళ్లీ ఏడాది వేసుకోవచ్చు, చెట్టు పోతే ఇంకో పదేళ్లు. కరువు వస్తే ఏమి వదులుకోవాలో ముందే భూమి మీద గీత గీసి పెట్టుకున్నారన్నమాట. మేము కరువొచ్చిన ఏడాది ఏం చేస్తాం? ఇంకో బోరు వేస్తాం.

పంపకం గడియారంతో. అరగంట నీళ్లను ఒక అథర్ అంటారు. పగలు నీడగడియారం చూసి, రాత్రి చుక్కలు చూసి వంతులు మార్చేవాళ్లు, ఇప్పుడు చాలా చోట్ల చేతి గడియారాలే. ఆ వంతును అమ్ముకోవచ్చు, కౌలుకివ్వచ్చు, పిల్లలకు పంచవచ్చు. కొన్ని వంతులు ఫలజ్ పేరు మీదే ఉంటాయి, వాటిని వేలం వేసి ఆ డబ్బుతో పూడిక తీయిస్తారు. అంటే రిపేరు ఖర్చు నీళ్లలోంచే పుడుతుంది, ఎవరి ముందూ చెయ్యి చాచనక్కర్లేదు. చెరువు కింద మాకూ నీరుగంటి ఉండేవాడు, తూము తీసేదీ, మూసేదీ, ఏ మడికి ఎంతసేపో చెప్పేదీ ఆయనే, కళ్లంలో ఆయనకింత గింజలు ఇచ్చేవాళ్లు. చెరువు నిండడం మానేశాక ఆ పనీ పోయింది, పోయినట్టు కూడా ఎవరికీ తెలీలేదు.

మా ఇంటి లెక్క చెప్తాను. నాయన మూడెకరాల్లో చీనీ (బత్తాయి) చెట్లు పెట్టాడు. మొదటి బోరు రెండు వందల అడుగుల్లోనే రెండించుల నీళ్లు పోసింది, ఊరంతా వచ్చి చూసిపోయారు. చూసిపోయినవాళ్లు ఊరికే పోలేదు, తలా ఒకటి వేసుకున్నారు, తప్పేముంది, మేము వేసుకున్నాం కదా. నాలుగేళ్లకు మాది ఎత్తిపోయింది. అరచేతిలో టెంకాయ పెట్టుకుని పాయింట్ చూపించే మనిషిని పిలిచి రెండోది, మూడోది... అయిదోది ఆరువందల అడుగులు పోయినా దుమ్మే లేచింది. రెండు వేసవులు ట్యాంకర్లతో చెట్లకు నీళ్లు పోశాం. మూడో వేసవికి చెట్లు కొట్టేసి కట్టెలకు అమ్మేశాం. ఆ అయిదు బోర్ల అప్పు తీర్చడానికే నేను మస్కట్ ఫ్లైట్ ఎక్కింది. కాబట్టి నీళ్ల గురించి మాట్లాడేటప్పుడు నా గొంతులో కొంచెం కోపం ఉంటుంది, సర్దుకోండి.

అనంతపురంలో ఏడాదికి సగటున అయిదు వందల యాభై మిల్లీమీటర్ల వాన. మస్కట్‌లో వంద కూడా కష్టం. వాన లెక్కన చూస్తే మేము వీళ్లకంటే అయిదు రెట్లు ఉన్నోళ్లం. మాకు లేనిది నీళ్ల ఖాతా. పక్కోడి బోరు రోజుకు ఎంత లాగుతుందో నాకు తెలీదు, నాది వాడికి తెలీదు, కింద ఇద్దరిదీ ఒకే గిన్నె. 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం, దాన్ని తప్పుపట్టను, అది లేకపోతే ఇంకొందరు ఉరేసుకునేవాళ్లు. కానీ మోటారు ఎప్పుడు ఆపాలో చెప్పేది ఏదీ లేకుండా పోయింది. 2002లో వాల్టా చట్టం వచ్చింది, తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా బోరు వేయకూడదని అందులో ఉంది. టేపు పట్టుకుని వచ్చి కొలిచినవాడిని మా ఊళ్లో నేనైతే చూడలేదు.

లెక్క పెట్టడం మనవల్ల కాదని మాత్రం అనకండి. 2000ల మధ్యలో మా జిల్లాతో సహా ఏడు కరువు జిల్లాల్లో, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, రైతులే భూగర్భ జలాలు చూసుకునే ప్రాజెక్టు ఒకటి నడిచింది. పదిహేను రోజులకోసారి బోరులోకి మీటరు దించి మట్టం చూడడం, వాన కొలవడం, ఊళ్లో బోర్డు మీద రాయడం, అన్నీ రైతులే. రబీకి ముందు కూర్చుని కింద ఎన్ని నీళ్లున్నాయి, వరి వేస్తే ఎంత, శనగ వేస్తే ఎంత అని బడ్జెట్ వేసేవాళ్లు. వరి వేయొద్దని ఎవరినీ ఆపలేదు, జరిమానా లేదు, బోర్డు మీద అంకె కనపడేది, అంతే. అది చూసి చాలామంది వాళ్లంతట వాళ్లే పంట మార్చుకున్నారు. ఇంత చవకైన పని ఇంకోటి ఉంటుందని నేను అనుకోను. ప్రాజెక్టు డబ్బులు ఆగాక కూడా బోర్డు రాసేవాడికి జీతం ఎక్కడి నుంచి రావాలో ముందే అనుకుని ఉంటే బాగుండేది. ఫలజ్ వాళ్లు వేలం వంతులతో ఆ పనే చేసుకున్నారు.

ఇంతా చెప్పి ఒమన్‌ను స్వర్గం చేస్తున్నానని అనుకోవద్దు. మస్కట్‌కు వాయవ్యంగా సముద్రం వెంబడి బాతినా అనే మైదానం ఉంది, దేశంలో వ్యవసాయం ఎక్కువ జరిగేది అక్కడే. 1970ల తర్వాత పంపులు వచ్చాయి, విచ్చలవిడిగా తోడారు, రోడ్స్ గడ్డి అని పశువుల మేతకు నీళ్లు తెగ తాగే గడ్డి పెంచారు. మాకైతే బోరు ఎండిపోతుంది. వీళ్లకు ఇంకా ఘోరం, మంచినీళ్లు ఖాళీ అయిన చోటికి సముద్రం లోపలికి వచ్చేసింది. బావిలో నీళ్లున్నాయి, ఉప్పు. కంపెనీ పని మీద బర్కా వైపు పోయినప్పుడు తలలు ఎండిన ఖర్జూరపు చెట్లు వరసగా చూశాను, ఎవరూ కొట్టేయనుకూడా లేదు. దేశంలో నాలుగు వేల పైచిలుకు ఫలజ్‌లు లెక్క తేలితే నీళ్లు పారుతున్నవి మూడు వేలే. నీరు జాతి సంపద అని 1988లో చట్టం చేశారు, కొత్త బావికి అనుమతి ఉండాలన్నారు, తల్లి బావి చుట్టూ కొన్ని కిలోమీటర్ల మేర తవ్వకూడదన్నారు. అప్పటికే బాతినాలో చాలా నష్టం జరిగిపోయింది.

ఇంక మా రూమ్ కుళాయిలో వచ్చేది సముద్రపు నీళ్లే, ఉప్పు తీసినవి. 2008 చివర్లో సముద్రంలో ఎర్రనాచు కమ్ముకుంటే ఆ ప్లాంట్లు కొన్ని ఆపేయాల్సి వచ్చింది. డబ్బున్న దేశం, సముద్రం ఉంది, చమురు, గ్యాస్ ఉన్నాయి కాబట్టి సాగుతోంది. అనంతపురానికి సముద్రం లేదు.

వీళ్ల దగ్గర నేర్చుకోదగ్గది ఇంకోటి వాదీల మీద కట్టిన రీచార్జ్ డ్యాములు. మస్కట్ పక్కనే అల్ ఖౌద్‌లో 1985లో ఒకటి కట్టారు. వరద వచ్చినప్పుడు నీళ్లు ఆపి, బురద అడుగుకు దిగాక తేటనీళ్లను మెల్లగా కిందికి వదులుతారు, అవి గులకరాళ్లలో ఇంకిపోతాయి. మన చెక్‌డ్యాముల్లో నీళ్లు అక్కడే నిలబడతాయి, అడుగున ఒండ్రు పేరుకుని ఇంకడం ఆగిపోతుంది, పూడిక తీసేవాడు ఉండడు. అలాగని వరదల్ని వీళ్లు గెలిచేశారని కాదు, 2007లో గోను తుపానుకు యాభై మంది దాకా చనిపోయారు. ఎడారిలో వరదకు మనుషులు పోవడం ఇక్కడికి వచ్చాకే నేను విన్నది.

ఒక చిన్న సంగతి. ఇక్కడ ఎడారిలో గాఫ్ అనే చెట్టుంటుంది, దాని నీడలోనే ఒంటెలు, మనుషులు అందరూ. మూడేళ్లు చూశాక తెలిసింది అది మన జమ్మి చెట్టేనని, దసరాకు పూజ చేసేది. మనం తెచ్చుకుని ఊళ్లనిండా నింపుకున్న సర్కారు తుమ్మ ఇక్కడా వచ్చి పడింది, గాఫ్ చోటు లాగేసుకుంటోందని గోల. కంపకు వీసా అక్కర్లేదు మరి.

కాలువ దగ్గర ఒక బంగ్లాదేశ్ కుర్రాడు తోటలో పని చేస్తున్నాడు. వంతు కాగానే ఒక రాయి, గోనెపట్టా అడ్డం పెట్టి నీళ్లు పక్క తోటకు మళ్లించాడు, అచ్చం మా ఊళ్లో మడవ కట్టినట్టే. ఫోన్‌లో టైం చూసుకున్నాడు, నిమిషం అటూ ఇటూ లేదు. నేను అప్పుడే నాయనకు వీడియో కాల్ చేసి చూపించాను.

"ఎన్నించుల నీళ్లురా?" అన్నాడు.

ఇక్కడ ఇంచులు లేవు నాయనా, అరగంట లెక్క అన్నాను. కాసేపు చూసి, "రాత్రిపూట వంతొస్తే?" అని అడిగాడు. రాత్రి కరెంటు కోసం ఎన్నేళ్లు టార్చిలైటు పట్టుకుని బోరు దగ్గర పడుకున్నాడో నాకు తెలుసు.

ఈ పిల్లోడే పోతాడు, తోట వాళ్లది, పని ఇతనిది అని ఫోన్ అతని వైపు తిప్పాను. అతను నవ్వి చెయ్యి ఊపాడు.

"అయితే వానికీ నిద్ర ల్యా," అన్నాడు నాయన.