ఓటు లేకపోయినా లెక్కలోకి వచ్చే చోటు

డాలస్‌కి ఉత్తరాన ఉన్న ఊళ్లలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు సిటీ నుంచి ఒక కవరు వస్తుంది. చాలామంది దాన్ని పిజ్జా కూపన్లతో కలిపి చెత్తబుట్టలో పడేస్తారు. మీ ఇంటికి 200 అడుగుల లోపు ఉన్న స్థలానికి ఎవరో జోనింగ్ (ఏ స్థలంలో ఏం కట్టొచ్చో చెప్పే సిటీ నిబంధన) మార్చమని అడిగారు, ఫలానా సాయంత్రం దాని మీద హియరింగ్ (అందరి మాటా వినే సభ) ఉంది, మీకు ఇష్టమో కాదో రాసి పంపండి అని అందులో ఉంటుంది. హియరింగ్‌కి 10 రోజుల ముందే అది పోస్టులో పడాలని టెక్సస్ చట్టం. ఆ కవరు మీ గుమ్మం దాకా రావడానికి కారణమయ్యే అప్లికేషన్లు తయారుచేసేది నాలాంటి వాళ్లే. నేను సివిల్ ఇంజనీర్ని, డెవలపర్ల తరఫున ప్లాన్లు గీసే చిన్న కన్సల్టెన్సీలో ఉద్యోగం (సాఫ్ట్‌వేర్ కాదా అని అడక్కండి, పెళ్లిచూపుల దగ్గర్నుంచి వింటూనే ఉన్నా).

ఫైలు ముందు ప్లానింగ్ అండ్ జోనింగ్ కమిషన్‌కి వెళ్తుంది. అందులో కూర్చునేది ఆ ఊరి మామూలు జనమే. వాళ్లు సిఫారసు చేస్తారు, తేల్చేది సిటీ కౌన్సిల్. అసలు కిటుకు ఇక్కడుంది. ఆ 200 అడుగుల పరిధిలోని భూమిలో 20 శాతానికి యజమానులైనవాళ్లు రాతపూర్వకంగా వద్దంటే, కౌన్సిల్లో మామూలు మెజారిటీ చాలదు, నాలుగింట మూడొంతుల మంది ఒప్పుకోవాలి. ఏడుగురున్న కౌన్సిల్లో నలుగురితో అయిపోయే పనికి ఆరుగురు కావాలన్నమాట. లెక్క మనుషులది కాదు, విస్తీర్ణానిది, రోడ్లు, సందులు కూడా అందులో కలుపుతారు. అందుకే ఆఫీసులో మేం ముందే మ్యాప్ మీద ఆ పరిధి గీసి, వద్దన్న ప్లాట్లకి ఎరుపు రంగు వేసుకుంటూ పోతాం. శాతం 20కి దగ్గర పడుతున్నకొద్దీ మా బాస్‌కి టెన్షన్.

మీరు సిటిజనా, గ్రీన్ కార్డా, హెచ్1బీనా అని ఆ ఫారంలో ఎవరూ అడగరు. ఇల్లు మీ పేరున ఉంటే చాలు. మేయర్ ఎన్నికల్లో ఓటు లేని మనిషి సంతకం కౌన్సిల్ లెక్కనే మార్చగలదు, ఈ దేశంలో మనకి ఇలాంటి చోటు ఇంకోటి ఉందేమో నాకైతే తెలీదు. అద్దెకున్నవాళ్లకి మాత్రం ఈ లెక్కలో చోటు లేదు. ఇల్లు కొని అద్దెకిచ్చి, ట్యాక్స్ రికార్డుల్లో పాత అడ్రస్సే ఉంచేసినవాళ్లకి కవరు వెళ్లేది ఆ పాత అడ్రస్సుకే.

ఒకసారి డ్రైవ్-త్రూ ఉన్న కాఫీ షాపు కేసులో మా తరఫున నేనూ వెళ్లాను. వెనక వరస ఇళ్లలో సగం మనవాళ్లే, వాట్సాప్ గ్రూపులో వారం రోజులు అగ్గి రాజేశారని తర్వాత తెలిసింది. హాల్‌కి వచ్చింది మాత్రం ఒకే ఒక్కాయన. మూడు నిమిషాల టైములో ఆయన ట్రాఫిక్ గురించో, ఇళ్ల ధరల గురించో ఎత్తలేదు. ఆర్డర్ తీసుకునే స్పీకర్ మా అమ్మానాన్నల పడగ్గది వైపు ఉంది, దాన్ని అవతలి వైపు తిప్పండి, చెత్త లారీ తెల్లవారుజామున రాకూడదు, గోడ ఎత్తు పెంచండి, అంతే అన్నాడు. మూడూ షరతులుగా రాసేశారు. బయటికొచ్చాక నన్ను చూసి, "మీరు తెలుగువాళ్లా అండీ? వాళ్ల తరఫునా మీరు?" అన్నాడు. అవునన్నాను. నవ్వలేదాయన.

నిజం చెప్పాలంటే, అందరూ ఒకే మెయిల్‌ని కాపీ పేస్ట్ చేసి పంపితే మా బాస్ కంగారు పడడు. ఫలానా చోట ఫలానా ఇబ్బంది అని ఒకరు రాస్తే మర్నాడే డ్రాయింగ్ మార్చమంటాడు.

అపార్ట్‌మెంట్ల కేసులు వేరే కథ. స్కూళ్లు నిండిపోతాయి, "ఎలాంటివాళ్లు" వస్తారో అని మైకు ముందు మాట్లాడే మనవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఈ దేశంలో దిగిన కొత్తలో డబుల్ బెడ్‌రూంలో నలుగురం సర్దుకున్నది ఎక్కడ మరి?

ఇప్పుడు ఆ గొడవకి కూడా చాలాచోట్ల అవకాశం లేదు. 2025 సెప్టెంబర్ 1 నుంచి రెండు కొత్త చట్టాలు అమల్లోకి వచ్చాయి. ఇళ్ల సంఖ్య పెంచే మార్పులైతే పొరుగువాళ్ల వ్యతిరేకత లెక్కలోకి రావాలంటే 20 కాదు, 60 శాతం ఉండాలి. ఇక ప్లేనో, ఫ్రిస్కో, మెకిన్నీ, అర్వింగ్ లాంటి పెద్ద ఊళ్లలో ఆఫీసులకి, షాపులకి కేటాయించిన చాలా స్థలాల్లో అపార్ట్‌మెంట్లు కట్టడానికి అసలు జోనింగ్ మార్చక్కర్లేదు. కవరూ రాదు, హియరింగూ ఉండదు. మా ఆఫీసుకి ఆ మేరకు పని తగ్గింది, డెవలపర్లకి నెలలు కలిసొచ్చాయి. నచ్చనివాళ్లు వెళ్లి అడగాల్సింది రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో ఎమ్మెల్యేల్ని, అక్కడ లెక్కపెట్టేది మాత్రం ఓట్లే.