ఫోను పక్కన కూర్చునేదెవరు?

బడి మూసి ఇంటికి పాఠం పంపాలంటే, పగటిపూట ఆ ఇంట్లో ఎవరుంటారో ముందుగా తెలుసుకోవాలి. 2020లో కరోనాకు బడులు మూసినప్పుడు ఆ ప్రశ్న అడిగినవాళ్లు చాలా తక్కువ. ఫోను ఉందా, నెట్ ఉందా, టీవీ ఉందా అని మాత్రం అందరూ అడిగారు. మన ఆంధ్రప్రదేశ్‌లో విద్యా వారధి అనే కార్యక్రమం కింద పిల్లలను మూడు రకాలుగా విడదీశారు: స్మార్ట్‌ఫోనో కంప్యూటరో ఉన్నవాళ్లు, టీవీ రేడియోలు ఉన్నవాళ్లు, ఏదీ లేనివాళ్లు. టీవీ ఉన్నవాళ్ల కోసం దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వేశారు. ఆ లెక్క అవసరమే. అది లేకపోతే ఏమీ లేని ఇళ్లు ఎవరి కంటా పడేవి కావు. మా ఇల్లు మాత్రం మొదటి వరుసలో చేరింది. కువైట్ నుంచి నేను పంపిన ఫోను ఉంది కదా.

మాది పలమనేరు దగ్గర పల్లె. నేను కువైట్‌లో నర్సును, మా ఆయన అక్కడే డ్రైవరు. పిల్లలిద్దరూ మా అత్తమ్మ దగ్గర పెరుగుతున్నారు. ఆమెకు చదువు రాదు. తెల్లవారకముందే లేచి ఆవుల పాలు పితికి, కేంద్రంలో పోసి, తర్వాత మేతకు వెళ్లాలి. అప్పుడు ఎనిమిదో తరగతి చదివే అమ్మాయికి టౌన్లోని ప్రైవేటు బడి తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ఫోనులో క్లాసులు పెట్టింది. కెమెరాలో ముఖం కనబడకపోతే హాజరు వేయరు. అబ్బాయి ఊళ్లోని ప్రభుత్వ బడిలో రెండో తరగతి. ఇంట్లో ఫోను ఒక్కటే.

కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. రాత్రి డ్యూటీ ముగించి ఏడింటికి బయటికి వస్తే ఊళ్లో తొమ్మిదిన్నర. పిల్లలతో నేను మాట్లాడగలిగిన వేళ అదొక్కటే, ఆ వేళకే ఫోను క్లాసులో ఉంటుంది. ఫోను చేస్తే అమ్మాయి పాఠం తెగిపోతుంది. చేయకపోతే వాడి పుస్తకం తెరిపించేవాళ్లు లేరు. నర్సులకు సెలవులు రద్దు చేశారు, వచ్చే దారీ లేదు. పాఠాలు రికార్డు చేసి పంపమని అమ్మాయి బడిని బతిమాలాను. "అందరికీ ఒకటే నియమం అమ్మా" అన్నారు. ఆ జులైలోనే ఆన్‌లైన్ చదువుపై కేంద్రం ఇచ్చిన ప్రజ్ఞత మార్గదర్శకాల్లో, ఎనిమిదో తరగతి వరకు రోజుకు ముప్పై నుంచి నలభై ఐదు నిమిషాల క్లాసులు రెండుకు మించకూడదని ఉంది. అది చదివి నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ తగ్గలేదు.

అబ్బాయి టీచరమ్మ మాత్రం మా అత్తమ్మను నేరుగా అడిగింది: "పనులన్నీ ఎన్నింటికి అయిపోతాయి పెద్దమ్మా?" సాయంత్రం పాలు పోసి వచ్చేసరికి ఏడు దాటుతుందని తెలుసుకుని, ఆ తర్వాత వినేలా చిన్న చిన్న వాయిస్ మెసేజ్‌లు పంపింది. తెలుగులో, నిదానంగా, అవ్వ కూడా పక్కన కూర్చుని వినగలిగేలా. మధ్యాహ్న భోజనానికి బదులుగా ఇచ్చిన బియ్యం, గుడ్లు, చిక్కీలు తీసుకోవడానికి వెళ్లినప్పుడు అభ్యాస పత్రాలు చేతిలో పెట్టేది. పాలకేంద్రం చీటీలో లీటర్లు, వెన్న శాతం, ధర ఉంటాయి. వాటితోనే లెక్కలు చేయమంది. నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత తేడా వచ్చిందో వాడు చెబుతుంటే, డబ్బు సరిగ్గా వచ్చిందో లేదో అవ్వ సరిచూసుకునేది. తీసివేతలు వాడికి అలాగే వచ్చాయి.

టీచర్లకు ఆ రోజుల్లో తక్కువ భారం పడలేదు. వాళ్ల ఇళ్లలోనూ పిల్లలున్నారు, జబ్బులున్నాయి. అందుకే ప్రతి టీచరూ ఆమెలా ఉండాలని అనను. ఆమె అడిగిన ప్రశ్న బడి దరఖాస్తులోనే ఉండాలంటాను. తండ్రి పేరు, వృత్తి, ఆదాయం అన్నింటికీ గళ్లున్నాయి. పగలు పిల్లల దగ్గర ఎవరుంటారు, వాళ్లకు చదవడం వచ్చా, ఇంట్లో ఫోను ఏ వేళకు ఖాళీ అవుతుంది అనే మూడు గళ్లు అదే కాగితం మీద పడతాయి. వాన ముదిరి సెలవిచ్చి ఫోనులో పాఠం పంపే రోజున, ఆ బడికి ముందుగా అక్కరకొచ్చేవి అవే.